కొత్త గింజ ముందుగా ఎవరికి? థాంక్స్‌గివింగ్ కథ, హైటెక్ సిటీ, మన కొత్తలు

పోస్టు కొంచెం పొడుగుంది. తీరిక ఉన్నప్పుడు చదవండి.

పోయిన నవంబర్‌లో మా హాస్టల్‌లో చదువుకొని పోయిన ఒక అన్న ఫోన్ చేసిండు. మాదాపూర్‌లో ఒక కంపెనీలో పని చేస్తడు. "గురువారం, శుక్రవారం మాకు పని లేదు. మా క్లయింట్ అమెరికా వాళ్లు, వాళ్లకు థాంక్స్‌గివింగ్. యాడి, బాపు ఊరి నుంచి వస్తున్నరు. మీ రూమోళ్లు అందరు రాండ్రి, కలిసి తిందాం" అన్నడు. మేము నలుగురం. ఇద్దరిది దేవరకొండ దిక్కు తండాలు, ఒకరిది ఉట్నూరు దగ్గర గూడెం, ఒకరిది ఏటూరునాగారం. నలుగురి ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. థాంక్స్‌గివింగ్ అంటే మాకు సినిమాల్లో చూసినంతే తెలుసు: పొడుగు బల్ల, మధ్యలో కాల్చిన పెద్ద పక్షి, అందరు చేతులు పట్టుకొని కండ్లు మూసుకుంటరు. తెల్లారి ఫోన్ల నిండా బ్లాక్ ఫ్రైడే డిస్కౌంట్లు. అంతే.

ఏమీ తెలియకుండ పోవుడెందుకని లైబ్రరీలో కూర్చొని చదివినం. మాలో ఇద్దరం హిస్టరీ వాళ్లం. చదివినంక దాన్ని వదలబుద్ధి కాలే. వేరే దేశం కథ లెక్క అనిపియ్యలే.

1620 చివర్లో మేఫ్లవర్ అనే ఓడ 102 మంది ప్రయాణికులతో ఇంగ్లండ్ నుంచి అమెరికా తూర్పు ఒడ్డుకు చేరింది. వాళ్లు ఊరు కట్టుకున్న చోటుకు ప్లిమత్ అని పేరు. కానీ ఆ చోటుకు అంతకుముందే ఒక పేరుంది, పటక్సెట్. అది వాంపనోగ్ ఆదివాసుల ఊరు. 1616 నుంచి 1619 మధ్య యూరప్ ఓడల వెంట వచ్చిన రోగాలకు ఊరు ఊరంతా తుడిచిపెట్టుకుపోయింది. అంటే వలస వచ్చినవాళ్లకు దొరికింది కన్నె అడవి కాదు. ఎవరో చెట్లు కొట్టి, రాళ్లు ఏరి, తరాల కొద్దీ మక్కలు పండించిన చేన్లు. మనుషులే లేరు.

ఆ మొదటి చలికాలంలోనే వచ్చినవాళ్లలో సుమారు సగం మంది చనిపోయారు. మిగిలినవాళ్లకు ఆ నేలలో సాగు చేయడం నేర్పినవాడు టిస్క్వాంటమ్. ఇంగ్లిష్ పుస్తకాల్లో స్క్వాంటో అని రాస్తారు. అతనిది పటక్సెట్ ఊరే. 1614లో ఒక ఇంగ్లిష్ ఓడ కెప్టెన్ అతన్ని, ఇంకొందరిని మోసంతో ఎక్కించుకొని స్పెయిన్‌లో బానిసలుగా అమ్మడానికి తీసుకుపోయాడు. అక్కడి నుంచి తప్పించుకొని లండన్ చేరి, ఇంగ్లిష్ నేర్చుకొని, 1619లో సొంతూరికి తిరిగి వచ్చేసరికి ఊరు లేదు. అతను ఎత్తుకుపోబడ్డాడు కాబట్టే బతికాడు. తన చచ్చిపోయిన ఊరి మీద లేచిన ఇంకో ఊరికి మక్క గింజ ఎట్ల పెట్టాలె, మొదట్లో చేపను ఎరువుగా ఎట్ల వెయ్యాలె అని చూపించింది అతనే.

ఈ ముక్క దగ్గర మేము చాలాసేపు ఆగిపోయినం. మా ఉట్నూరు తమ్ముడు పుస్తకం మూసి బయటికి పోయి చాయ్ తాగి వచ్చిండు.

1621 శరత్కాలంలో పంట చేతికి వచ్చింది. వలస వచ్చినవాళ్లు విందు చేసుకున్నారు. వాంపనోగ్ పెద్ద మససోయిట్ సుమారు 90 మందితో వచ్చాడు, అయిదు జింకలను వేటాడి తెచ్చి ఇచ్చాడు. మూడు రోజులు తిన్నారు. అప్పటికి ప్లిమత్‌లో బతికి ఉన్నవాళ్లు యాభై మంది చిల్లర. అంటే ఆ విందులో ఆదివాసులే ఎక్కువ. ఇదంతా ఎడ్వర్డ్ విన్‌స్లో అనే ప్లిమత్ మనిషి రాసిన ఒక ఉత్తరంలో నాలుగు మాటల్లో ఉంది. దాన్ని వాళ్లు అప్పుడు థాంక్స్‌గివింగ్ అని పిలవలేదు కూడా. బడి పుస్తకాల్లో వేసే పెద్ద బొమ్మకు ఆధారం ఆ నాలుగు మాటలే.

తర్వాత యాభై ఏండ్లు ఏదో ఒక తీరుగా ఒప్పందం నడిచింది. వచ్చేవాళ్లు పెరిగిండ్రు, వాళ్ల పశువులు వాంపనోగ్ చేన్లల్లో పడ్డాయి, భూమి కాగితాల మీద చేతులు మారింది. (ఏజెన్సీలో పుట్టినవాళ్లకు ఈ వాక్యం విడమరచి చెప్పాల్సిన పని లేదు.) 1675లో మససోయిట్ కొడుకు మెటాకమ్ తిరగబడ్డాడు. 1676 ఆగస్టులో అతన్ని చంపి, తల నరికి ప్లిమత్‌లో కట్టె మీద గుచ్చి నిలబెట్టారు. అది ఏండ్ల తరబడి అట్లనే ఉంది. అతని కొడుకును బానిసగా అమ్మేశారు. గెలిచినందుకు ఆ ఏడాది వలసపాలకులు దేవునికి కృతజ్ఞత చెప్పే దినం కూడా జరుపుకున్నారు. అయిదు జింకలు తెచ్చి తిండి పెట్టినవాని కొడుకు తల అది, అదే ఊర్లో.

ఇప్పుడున్న పండుగ చాలా తర్వాతిది. సారా జోసెఫా హేల్ అనే పత్రిక సంపాదకురాలు దేశమంతా ఒకే రోజు పండుగ కావాలని ఏండ్లకేండ్లు ఉత్తరాలు రాసింది. 1863లో, అంతర్యుద్ధం మధ్యలో, అధ్యక్షుడు లింకన్ నవంబర్ చివరి గురువారాన్ని ప్రకటించాడు. దానికి ఏడాది కూడా కాకముందు, 1862 డిసెంబర్ 26న, మిన్నెసోటాలోని మన్‌కేటోలో 38 మంది డకోటా ఆదివాసులను ఒకేసారి ఉరితీశారు. ఆ ఉత్తర్వు కూడా లింకన్‌దే. మూడు వందలకు పైగా మరణశిక్షల్లో చాలావాటిని ఆయనే ఆపాడన్నది కూడా నిజం, రెండూ చెప్పాలె. 1939లో రూజ్‌వెల్ట్ క్రిస్మస్ షాపింగ్‌కు ఇంకో వారం దొరకాలని పండుగను ముందుకు జరిపాడు, గొడవ అయింది. 1941లో చట్టం చేసి నాలుగో గురువారం ఖాయం చేశారు. బ్లాక్ ఫ్రైడే నిన్నమొన్నటి వేషం అనుకుంటం గానీ, వ్యాపారం ఈ పండుగ తేదీలోనే ఉన్నది.

1970లో ప్లిమత్ వలసకు 350 ఏండ్లు అయినయని మసాచుసెట్స్‌లో ఉత్సవాలు పెట్టి, వామ్‌సుట్టా ఫ్రాంక్ జేమ్స్ అనే వాంపనోగ్ మనిషిని మాట్లాడమని పిలిచారు. ప్రసంగం ముందే చూపించమన్నారు. చూసి, ఇది కుదరదు, వేరేది చదువు అన్నారు. ఆయన చదవనన్నాడు. ఆ థాంక్స్‌గివింగ్ రోజు ప్లిమత్‌లో మససోయిట్ విగ్రహం దగ్గర తన జనంతో నిలబడి దాన్ని జాతీయ సంతాప దినం అన్నాడు. అప్పటి నుంచి ప్రతి ఏడాది ఆ గురువారం అక్కడ జనం చేరుతున్నరు. ఇంకో మాట. మాష్‌పీ వాంపనోగ్‌లను ఒక తెగగా అమెరికా కేంద్ర ప్రభుత్వం గుర్తించింది 2007లో. ఆ విందు అయిన 386 ఏండ్లకు. అన్నం పెట్టినవాళ్లు మేము ఫలానా అని కాగితాలతో రుజువు చేసుకోవాల్సి వచ్చింది. క్యాస్ట్ సర్టిఫికెట్ కోసం మండలాఫీసు మెట్ల మీద కూర్చున్నవాళ్లం, మనకు తెలియంది కాదు.

ఇంత చదివి, గురువారం పొద్దున మెట్రోలో హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగినం.

స్టేషన్ దగ్గరనే సైబర్ టవర్స్. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి దాన్ని ప్రారంభించిండు. చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి. పది అంతస్తుల గుండ్రటి బిల్డింగ్, ఇప్పుడు చుట్టూ ఉన్నవాటి మధ్యలో పొట్టిగ కనిపిస్తది. మేము క్యాలెండర్ లెక్క వేసినం: ఆ ఏడాది థాంక్స్‌గివింగ్ నవంబర్ 26. అంటే టవర్స్ తెరిచిన నాలుగో రోజే. ఎవరూ కావాలని పెట్టింది కాదు, కానీ అప్పటి నుంచి ఈ రోడ్ల క్యాలెండర్‌లో దసరా, బతుకమ్మతో పాటు అమెరికా సెలవులు కూడా చేరినయి. న్యూయార్క్‌కు, మనకు చలికాలంలో పదిన్నర గంటల తేడా. వాళ్లు గురువారం రాత్రి బల్ల చుట్టూ కూర్చునేసరికి మనకు శుక్రవారం తెల్లారుతుంటది. క్లయింట్‌కు సెలవైతే ఇక్కడ కొందరికి సెలవు. కొందరికి ఉల్టా. మా హాస్టల్ అక్క ఒకామె షాపింగ్ వెబ్‌సైట్ సపోర్ట్‌లో ఉంది. ఆ నాలుగు రాత్రులు ఆమెకు లీవు అడిగే మాటే లేదు, ఫోన్ చేస్తే "నాకు థాంక్స్‌గివింగ్ అంటే మూడు ఎనర్జీ డ్రింకులు" అన్నది. అటు అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకైతే ఏడాదికి ఒకసారి దొరికే నాలుగు రోజుల తీరిక అదే. ఒక్కో ఊరి నుంచి కార్లేసుకొని ఒక ఇంట్లో చేరుతరు, టర్కీ బదులు బిర్యానీ వండుకుంటరు. మన అన్న కూడా అదే చేద్దామనుకున్నడు.

గది నాలుగో అంతస్తు. మేము పోయేసరికి బాపు బాల్కనీలో నిలబడి దూరంగ గ్లాసు బిల్డింగులను చూస్తున్నడు. ఒకదాన్ని చూపించి "దాని కింద మూడంతస్తుల లోతు గొయ్యి ఉండె, నీళ్లు ఊరుతుండె" అన్నడు. 2002 కరువులో దేవరకొండ దిక్కు నుంచి బండ్లకెక్కి వచ్చిన వాళ్లల్లో యాడి, బాపు కూడా ఉన్నరు. పాలమూరు లేబర్ అని నగరంలో అందరినీ కలిపి ఒకే పేరు పెట్టి పిలిచేటోళ్లు, నల్లగొండోళ్లు అయినా సరే. బాపు సెంట్రింగ్ పని, యాడి తట్ట మోసింది. అన్న అప్పుడు మూడేండ్లోడు. ఇసుక కుప్ప మీద చీర పరిచి పండబెట్టేదట. చివరి నెల కూలి ఎగ్గొట్టి ఒక మేస్త్రీ మాయమైండు, ఆ పైసలు ఇప్పటికీ రాలే. బాపు అది చెప్పి నవ్విండు. మాకు నవ్వాల్నో లేదో తెలియలే.

ఇక్కడ ఒక చరిత్ర ముక్క చెప్పాలె. బంజారాలు ఒకప్పుడు దక్కన్‌లో సైన్యాలకు ఎడ్ల మీద ధాన్యం మోసినవాళ్లు. ఊర్లకు ఉప్పు మోసినవాళ్లు. రైళ్లు, రోడ్లు వచ్చి ఆ బిడారు వ్యాపారం పోయింది. నగరంలో మిగిలింది బంజారా హిల్స్ అనే పేరు, ఆ పేరున్న చోట ఇప్పుడు గజం ధర ఎంతో అందరికీ ఎరుకే. 2022 సెప్టెంబర్ 17న అదే బంజారా హిల్స్‌లో కుమ్రం భీం ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్ ప్రారంభమైనయి, అది మంచిదే. ఐటీ కారిడార్‌లో కూడా గచ్చిబౌలి దాటితే గోపన్‌పల్లి తండా అని ఇప్పటికీ బోర్డుల మీద ఉంది. ధాన్యం మోసిన భుజాలే కాంక్రీటు మోసినయి. ఎవరు మోసినా బరువు కిందికే గుంజుతది అన్నడు బాపు. ఆయన మాటలు అట్లనే ఉంటయి.

అన్న బిర్యానీ ఆర్డర్ పెట్టిండు, కేకు తెచ్చిండు. మేము చేతులు కడుక్కొని కూర్చున్నం. యాడి "ఆగుండ్రి" అన్నది.

ఆమె సంచిలో కొత్త బియ్యం ఉన్నయి. కౌలుకు చేసిన ఎకరం వడ్లు కోసి, మర పట్టించి, పది కిలోలు కొడుకు కోసం మోసుకొచ్చింది. అవి ఇంకా ఇంట్లో ఎవరూ తినలే. కొత్తవి కాబట్టి ముందు పెద్దలకు పెట్టాలె. కొంచెం అన్నం వండి బెల్లం, నెయ్యి కలిపింది. నిప్పుల మీద వెయ్యాలె, నాలుగో అంతస్తులో నిప్పులు ఎక్కడివి? గ్యాస్ మంట పనికిరాదన్నది. కొబ్బరి చిప్పలు బాల్కనీలో పెట్టి ముట్టించింది. ఎర్రగ అయినంక వాటి మీద అన్నం, నెయ్యి వేసి, చచ్చిపోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటి చెప్పింది. పొగ లేచింది. అయిదు నిమిషాల్లో వాచ్‌మన్ ఉరికొచ్చిండు, పైన ఏదో కాలుతుందని ఎవరో ఫోన్ చేసిండ్రట.

అన్న భయపడ్డడు. వాచ్‌మన్ లోపలికొచ్చి నిప్పుల మీద అన్నం చూసి ఆగిపోయిండు. "కొత్తలా అమ్మా?" అన్నడు. ఆయనది పార్వతీపురం దిక్కు, జాతాపు. "మా వైపు కందికొత్తలు సేత్తాం. అది కాకుండా కందికాయ నోట్లో ఎట్టం" అన్నడు. యాడి ఆయనకు కూడా అన్నం పెట్టింది. ఓనర్‌కు ఏం చెప్పిండో తెలియదు, మళ్లీ ఎవరూ రాలే.

తినుకుంట మేము నలుగురం మా మా పండుగల లెక్క తీసినం. గోండు గూడేల్లో కొత్త తినే పండుగ కాకుండ, దేవునికి, పెద్దలకు పెట్టకుండ కొత్త పంట ఎవరూ తినరు. దీపావళికి దండారి కట్టి ఒక ఊరోళ్లు ఇంకో ఊరికి పోతే, ఆ ఊరోళ్లు కాళ్లకు నీళ్లిచ్చి అన్నం పెడతరు. పోలాల నాడు ఎడ్లకు ముందు పెట్టి తర్వాత మనుషులు తింటరు. కోయ ఊర్లల్లో విత్తనానికి పండుగ, పచ్చ పండుగ, కొత్తల పండుగ, ఇప్పపువ్వుకు పండుగ. కొండరెడ్లకు మామిడి కొత్త చేసేదాకా మామిడికాయ ముట్టుకోవద్దు. టెంక ముదరకముందే పిందెలు కొట్టి పాడుచెయ్యకుండ అది ఎంత పెద్ద అడవి చట్టమో ఆలోచించండి, ఫారెస్ట్ గార్డు లేకుండ అమలయ్యే చట్టం. మా తండాల్లో సీత్లా పండుగ గొడ్డూగోదా బాగుండాలని. తీజ్‌కు ఆడపిల్లలు తొమ్మిది రోజులు గోధుమ మొలకలు పెంచుతరు. దీపావళికి దీపం పట్టుకొని ఇంటింటికీ పోయి పెద్దలందరికీ మంచి జరగాలని పాడుతరు, ఒక్క ఇల్లు కూడా విడువరు.

ఇన్ని పండుగలు లెక్కపెట్టినం గానీ, థాంక్స్ అనే మాటకు గోండిలో, కోయలో, లంబాడీలో రోజూ వాడే మాట ఏందని ఒకరినొకరం అడిగితే ఎవరికీ నోటికి రాలే. యాడిని అడిగినం. "అన్నం పెట్టినోళ్లకు మాట ఎందుకు, మల్ల వాళ్లొస్తె అన్నం పెట్టాలె గని" అన్నది. కొందరు సార్లు మనవాళ్లకు కృతజ్ఞత చెప్పడం రాదంటరు, మేము క్లాసులో విన్నం. వాళ్లు జనవరిలో ఒకసారి మార్లవాయి పోయి చూడాలె. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంను చంపినంక నిజాం సర్కారు గోండుల గోస ఏందో తెలుసుకోమని హైమన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు పిల్లగాండ్లను టీచర్లుగ తయారుచేసే కేంద్రం పెట్టిండ్రు, అక్కడ చదివినవాళ్లే గూడేలకు మొదటి సార్లు అయిండ్రు. ఆయన భార్య బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేసిండ్రు. ఆ దంపతులకు ఇప్పటికీ ప్రతి ఏడాది ఆ ఊరు వర్ధంతి చేస్తది. మా ఉట్నూరు తమ్ముని తాతకు అక్షరాలు నేర్పింది మార్లవాయిలో చదివిన సారే.

అయితే ఒక మాట నిజాయితీగ ఒప్పుకోవాలె. కొత్తలు తగ్గుతున్నయి. యాడినే అన్నది: "ఇప్పుడు తండల అందరిది పత్తే. పత్తికి ఏం కొత్త చేస్తం? తింటమా?" ఈ ఎకరం వడ్లు లేకుంటే ఆమె సంచిలో కొత్త బియ్యం లేవు. ఆదిలాబాద్‌లో కూడా జొన్న పోయి పత్తి వచ్చిన గూడేలు ఎన్నో. పంట అమ్మి రేషన్ బియ్యం తెచ్చుకుంటే, ముందు ఎవరికి పెట్టాలన్న ప్రశ్నే రాదు. మన పండుగ బలహీనపడింది ఇంగ్లిష్ చదువులతోనే కాదు, ఈ పంట మార్పుతో కూడా.

మధ్యాహ్నం యాడి కోకాపేట దిక్కు లేబర్ షెడ్లకు పోదామన్నది. ఆమె చెల్లెలి కుటుంబం అక్కడ కొత్త టవర్ల పనిలో ఉంది. మిగిలిన అన్నం, బిర్యానీ, కేకు కట్టుకొని పోయినం. పోయేసరికి అక్కడ ఒకటే రంగు టీషర్టులు వేసుకున్న ఒక ఇరవై మంది ఉన్నరు. ఏదో కంపెనీ వాళ్లు, థాంక్స్‌గివింగ్ అని బ్యానర్ కట్టి పిల్లలకు నోటుబుక్కులు, తిండి ప్యాకెట్లు పంచుతున్నరు. పిల్లలను వరుసలో నిలబెట్టిండ్రు. ఫోటో సరిగ రాలేదని ఒక పిల్లకు అదే ప్యాకెట్ రెండోసారి ఇచ్చిండ్రు, ఫోటో అయినంక ఒకటి వాపసు తీసుకున్నరు.

మా ఏటూరునాగారం దోస్తుకు కోపం వచ్చింది. పొద్దున చదివిన చరిత్ర అంతా అతని మొఖంలో ఉంది. కానీ మాకు ఇంకోటి కూడా గుర్తొచ్చింది. మా హాస్టల్‌లో ఉన్న కంప్యూటర్లు అట్ల వచ్చినవే. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో రెండు శాతం సమాజం పనులకు ఖర్చు పెట్టాలె, 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అందులో కొంత మన దాకా వస్తుంది, మనం వాడుకుంటున్నం. నోటుబుక్కులు మంచివి, పిల్లలు వాటిని గట్టిగ పట్టుకున్నరు. ఆ టీషర్టులల్లో ఒక అక్క కింద కూర్చొని పిల్ల జడ వేస్తున్నది, ఆమె ఫోటోలో లేదు. కాబట్టి మేము ఎవరినీ తిట్టడానికి ఇది రాయడం లేదు. మాకు గుచ్చుకున్నది ఒకటే: వరుసలో నిలబడ్డవాళ్ల వెనక లేస్తున్న టవర్ వాళ్లు కట్టిందే, ఆ టవర్ నీడలోనే వాళ్లకు ప్యాకెట్ పంచుతున్నరు. థాంక్స్ మాత్రం ఎవరూ వాళ్లకు చెప్పలే, వాళ్లతో చెప్పించిండ్రు.

బస్సు పోయినంక యాడి అన్నం గిన్నె విప్పింది. షెడ్డు ముందర గోనెసంచులు పరుచుకొని అందరం కూర్చున్నం. ఒడిశా నుంచి వచ్చిన రెండు కుటుంబాలు కూడా వచ్చినయి. తలా రెండు ముద్దలు వచ్చిందేమో. తింటున్నప్పుడు యాడి చెల్లెలు అడిగింది: "మీరు చదువుకునేటోళ్లు గద, మాకు తిండి సంగతి కాదు, లేబర్ కార్డు చేసిస్తరా?"

ఇది మన గ్రూప్‌లో అందరికీ పనికొస్తది కాబట్టి వివరంగ చెప్తం. 1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. కట్టేవాళ్ల దగ్గర సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమ బోర్డుకు జమ చెయ్యాలె. 18 నుంచి 60 ఏండ్ల మధ్య వయసుండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవాళ్లు పేరు నమోదు చేసుకోవచ్చు. కార్డు ఉంటే బిడ్డ పెండ్లికి, కాన్పుకు, ప్రమాదం జరిగితే, మనిషి పోతే బోర్డు నుంచి సాయం వస్తది. అది దానం కాదు. వాళ్లు కట్టిన బిల్డింగ్ మీద వసూలైన పైసలే. యాడి, బాపు అన్నేండ్లు ఇక్కడ పని చేసిండ్రు, వాళ్లకు ఈ కార్డు ఒకటి ఉంటదని కూడా ఎవరూ చెప్పలే.

ఫోన్ల లైట్లు పెట్టుకొని రాత్రి దాకా రాసినం. పదకొండు మందివి. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు. పుట్టిన తేదీ అందరికీ జనవరి 1. అన్నిటికన్న కష్టం ఆ 90 రోజుల కాగితం. మేస్త్రీ రాసియ్యాలంటే వాడు మారిపోయి ఉంటడు, సైట్ మారిపోయి ఉంటది. పదకొండేండ్లు తట్ట మోసిన మనిషి 90 రోజులు పని చేసిందని రుజువు లేదు. మా దోస్తు అప్పుడు "మాష్‌పీ" అన్నడు. మాకు తప్ప ఎవరికీ అర్థం కాలే.

తిరిగి వస్తుంటే బస్టాప్‌లో మా మధ్య వాదన అయింది. సంతాప దినం అయిన రోజున మనం పండుగ అనే పేరు ఎట్ల పెడతమని ఏటూరునాగారం దోస్తు. లింకన్, రూజ్‌వెల్ట్ పెట్టిన తేదీ మనకెందుకు, సంక్రాంతికే కలుద్దామని ఇంకొకరు. అన్న అప్పటిదాకా ఊకున్నడు. "సంక్రాంతికి నాకు ఒక్క రోజే లీవు. మా క్లయింట్‌కు సంక్రాంతి తెలువది. నాకు రెండు రోజులు వరుసగ దొరికేది ఇప్పుడే. తేదీ వాళ్లది, బియ్యం మనయి. మెటాకమ్ సంగతి మీరు చెప్పకముందు నాకు తెలువది, ఇప్పుడు తెలిసింది కాబట్టి వచ్చేసారి తినే ముందు ఆ పేరు కూడా చెప్పమంట యాడిని" అన్నడు. దోస్తు దానికి ఒప్పుకున్నడో లేదో ఇప్పటికీ చెప్పలే. థాంక్స్‌గివింగ్ తెల్లారి శుక్రవారాన్ని 2008 నుంచి అమెరికా వాళ్లు ఆదివాసీ వారసత్వ దినం అంటున్నరని అతనే వెతికి పంపిండు. బ్లాక్ ఫ్రైడే రోజే అది.

ఆ పదకొండు ఫారాల్లో నాలుగింటికి కార్డులు వచ్చినయి. ఏడు ఇంకా 90 రోజుల దగ్గరనే ఆగినయి. లేబర్ ఆఫీసు పని తెలిసిన సీనియర్లు ఎవరైనా ఉంటే ఆ రోజు మాతో రండి. ఈసారి కూడా నవంబర్ నాలుగో గురువారమే, పొద్దున పదింటికి సైబర్ టవర్స్ ముందర కలుస్తం. మీ దిక్కు కొత్త పంట ఏదున్నా పిడికెడు తెండి: వడ్లు, జొన్న, మక్క, చిక్కుడు, ఏదైనా. మక్క మొదట వాంపనోగ్‌లాంటి వాళ్ల చేతుల నుంచే ప్రపంచానికి వచ్చింది, అది ఉంటే మంచిది. వాచ్‌మన్ తాత కందికాయ దొరకదు, అది జనవరికి గానీ కాయదు అంటున్నడు. యాడి మాత్రం ఈసారి కొబ్బరి చిప్పలు వద్దు, తుమ్మ బొగ్గులు తానే సంచిలో తెస్తనన్నది.